ఊపిరి తీసుకునే చోటు

మార్గిట్ మెడలో వేలాడుతున్న అట్టముక్క మీద "సాంకేతిక సిబ్బంది" అని అచ్చు వేసి ఉంది. దాని కింద పేరు కోసం ఒక గీత గీసి వదిలేశారు. ఆ గీత మీద ఎవరూ ఏమీ రాయలేదు. ఓడ మెట్ల దగ్గర నిలబడ్డ అమ్మాయి దాన్ని చేతికిస్తూ, "ఇది ఉంటే మీకు భోజనం ఉచితం. స్టేజీ వెనక్కి వెళ్ళొచ్చు. ముందుకి మాత్రం వెళ్ళకూడదు" అంది. పాపం, తెలియకుండానే ఉన్నమాట చెప్పింది. ముప్పై ఏళ్ళుగా మార్గిట్ బతుకు సరిగ్గా అలాగే ఉంది, ఉచిత భోజనం సంగతి తప్ప.

ఓడ శుక్రవారం మధ్యాహ్నం జర్మనీలోని కీల్ రేవు నుంచి బయల్దేరింది. సముద్రం మీద ఓ చుట్టు చుట్టి ఆదివారం ఉదయానికి మళ్ళీ అక్కడికే వస్తుంది. మధ్యలో ఎక్కడా ఆగదు, ఆగాలని ఎవరికీ లేదు కూడా. తొంభైల నాటి డాన్సు పాటల మీద మోజు తీరనివాళ్ళు రెండువేల మంది ఎక్కారు. ఒక్కొక్కరికీ యాభైకి అటూ ఇటూ ఉంటాయి. తళతళలాడే విగ్గులు, మెరిసే చొక్కాలు, చేతిసంచుల్లో రక్తపోటు మాత్రలు. భోజనశాలలో బఠాణీ సూపు కోసం అప్పుడే బారులు తీరారు.

మార్గిట్ పళ్ళెం పట్టుకుని ఆ వరసలో నిలబడింది. ఆమెకు సరిగ్గా ముందు రాడ్కా నిలబడి ఉంది. రాడ్కా లూమెరా బృందానికి ముఖం. మార్గిట్ దాని గొంతు. తొంభై నాలుగులో మార్గిట్ పాడిన పాటలకి రాడ్కా అప్పట్నుంచీ స్టేజీల మీద పెదవులు కదుపుతూనే ఉంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఈ ఓడ మొత్తం మీద ఐదుగురు ఉంటారేమో. ఇద్దరు ఆడవాళ్ళూ ఇదివరకు ఒక్కసారే కలుసుకున్నారు, అదీ ఒక లిఫ్టులో.

"అయ్యో, మీరే కదా! లూమెరా! మీరే!" అంటూ ఆకుపచ్చ విగ్గు పెట్టుకున్న ఒకావిడ వరస దాటుకుని వచ్చింది. రాడ్కా నల్లకళ్ళద్దాలు తీసి నవ్వింది. నవ్వడమే, మాట్లాడలేదు. పోస్టర్ల మీద ఆమెది ఏదో ఎండకాసే దీవి అన్నట్టు ఉండేది. నోరు తెరిస్తే చెక్ దేశపు బ్ర్నో ఊరి యాస బయటపడుతుంది. అందుకని నలుగురిలో నవ్వుతో సరిపెట్టుకోవడం అలవాటైపోయింది.

"నాకు పదిహేనేళ్ళప్పుడు మా గది గోడంతా మీ బొమ్మలేనండీ. మా అమ్మ చింపేస్తే మళ్ళీ అంటించాను" అని ఆకుపచ్చ విగ్గావిడ గబగబా తన ఫోను తీసి మార్గిట్ చేతిలో పెట్టింది. "మీరిక్కడ పనిచేస్తారుగా, ఒక్కటి తీసిపెట్టండమ్మా. అడ్డంగా కాదు, నిలువుగా."

మార్గిట్ పళ్ళేన్ని పక్క బల్ల మీద పెట్టి నిలువుగా రెండు తీసింది. ఫోను అద్దంలో రాడ్కా కళ్ళు కెమెరాకేసి చూడలేదు, మార్గిట్ మెడలోని అట్టముక్కకేసి చూశాయి, వెంటనే పక్కకి తిరిగాయి.

"మీ గొంతు ఇప్పటికీ అలాగే ఉందా?" అని ఆవిడ రాడ్కాని అడిగింది. రాడ్కా చెయ్యి గొంతు మీద పెట్టుకుని, రేపటికి దాచుకుంటున్నానన్నట్టు సైగ చేసింది. ఆవిడ మురిసిపోయింది. మార్గిట్ ఫోను తిరిగి ఇచ్చేసి తన పళ్ళెం దగ్గరికి వెళ్ళేసరికి సూపు మీద మీగడలా తెట్టు కట్టింది.

అసలు మార్గిట్ ఇంతదూరం వచ్చింది ఒక్క మాట కోసం. కిందటేడు ఇలాంటి విహారంలోనే రెండు బృందాలు టేపు పెట్టి పెదవులు కదిపితే ఎవరో వీడియో తీసి ఊరంతా నవ్వేలా చేశారు. దాంతో ఈసారి ఓడ నడిపే కంపెనీ ఒక షరతు పెట్టింది. వాయిద్యాలు టేపు మీద ఉంటే ఉండనీ, గొంతు మాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే. లూమెరాని పుట్టించి, నడిపి, ఇప్పటికీ ఈడ్చుకొస్తున్న ఫోల్క్‌మార్ అప్పుడు హానావు ఊళ్ళో అలల యంత్రమున్న ఈతకొలనుకి వెతుక్కుంటూ వచ్చాడు. అక్కడ మార్గిట్ టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటుంది. గంటకోసారి మైకులో, "ఐదు నిమిషాల్లో అలలు మొదలవుతాయి, చిన్నపిల్లల్ని ఒడ్డుకి తీసుకురండి" అని చెబుతుంది. "తెర వెనకనుంచి పాడితే చాలు మార్గిట్. చివర్లో స్టేజీ మీద నీ పేరు చెప్పిస్తాను" అన్నాడు ఫోల్క్‌మార్. ఆ ఒక్క ముక్కకే ఆమె సెలవు పెట్టింది.

భోజనాలయ్యాక ఓడ కమ్మీల దగ్గర సిగరెట్టు కాల్చుకుంటున్న ఫోల్క్‌మార్‌ని పట్టుకుంది. అరవై ఆరేళ్ళ మనిషి, జుట్టుకి ఇంకా నల్లరంగు వేస్తాడు, కనుబొమలకి వెయ్యడం మర్చిపోతాడు.

"ఈ అట్ట మీద పేరు లేదేం?" అంది మార్గిట్.

"ఎవడో గుమాస్తా చేసుంటాడు. దాన్ని పట్టించుకోకు."

"రేపు స్టేజీ మీద చెప్తావుగా?"

ఫోల్క్‌మార్ పొగ వదిలాడు. గాలి ఆ పొగని అతని మొహం మీదికే తిప్పికొట్టింది. "చెప్దామనే అనుకున్నాను, ఒట్టు. కానీ ఆలోచించు. పాడింది ఈవిడ అంటాం. మరి ఆవిడెవరు అంటారు. ముప్పై ఏళ్ళు గడిచాక, అందరం ఒడ్డుకి చేరాక, ఇప్పుడెందుకు చెప్పు ఈ గొడవ?"

"నేను ఒడ్డుకి చేరలేదు."

"నీకేం తక్కువైంది? మునిసిపాలిటీ ఉద్యోగం. రేపు పింఛనొస్తుంది. నన్ను చూడు, ఈ వయసులో ఫర్నిచర్ దుకాణాల ప్రారంభోత్సవాలకి తిరుగుతున్నాను."

మార్గిట్‌కి ఈతకొలను గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందట క్రిస్మస్ విందులో రెండో గ్లాసు తాగాక, ఆ పాట పాడింది తనే అని ఈతకొలనులో వాళ్ళకి చెప్పింది. అప్పట్నుంచి ముసలివాళ్ళ నీటి కసరత్తు వేళ రేడియోలో ఆ పాట వచ్చినప్పుడల్లా, పక్క కిటికీ ఉర్జెల్, "మార్గిట్, నీ పాటే! లేచి దణ్ణం పెట్టు!" అని అరుస్తుంది. అందరూ నవ్వుతారు. మొన్న సెలవు చీటీ ఇస్తుంటే కూడా, "వీడియో పెడతారటగా. నీ పేరు వినబడితే వారం రోజులు నీ బదులు నేనే మరుగుదొడ్లు తనిఖీ చేస్తాను" అంది. దానికీ నవ్వారు.

*

శనివారం ఉదయం తొమ్మిదింటికి పైడెక్కు మీద మైకుల పరీక్ష. సెప్టెంబరు చివర, సన్నగా జల్లు. స్టేజీ చెక్కల మీద నీళ్ళు తుడిచి రబ్బరు పట్టాలు పరిచారు. వెనకంతా నల్లటి మందపాటి గుడ్డ కట్టారు. ఆ గుడ్డ వెనక మార్గిట్‌కి ఒక మడతకుర్చీ, కాళ్ళ దగ్గర చిన్న స్పీకరు, కళ్ళెత్తున రెండువేళ్ళంత చీలిక. చీలికలోంచి చూస్తే రాడ్కా వీపు కనబడుతుంది, ఇంకేమీ కనబడదు. మార్గిట్ గొంతుకి మంచిదని తెచ్చుకున్న సేజి ఆకు టీ ఫ్లాస్కులోంచి పోసుకుని, రెండు గుక్కలు తాగి, గొంతు సవరించుకుంది.

ఓడలో సౌండ్ చూసే హెన్నింగ్ మితభాషి. పచ్చ టేపు చుట్టిన మైకుని మార్గిట్‌కి ఇచ్చి, వేలెడంత బ్యాటరీలు రెండు ఆమె చేతిలో పెట్టాడు. "చలికి తొందరగా చచ్చిపోతాయి. ఇవి జేబులో ఉంచుకోండి, వెచ్చగా ఉంటాయి" అన్నాడు. నీలంటేపు మైకుని రాడ్కాకి ఇవ్వబోతుంటే ఫోల్క్‌మార్ మధ్యలో అందుకున్నాడు. అడుగుభాగం తిప్పి, లోపలున్న రెండు బ్యాటరీలూ అరచేతిలోకి దొర్లించుకుని, కోటు జేబులో వేసుకుని, ఖాళీ మైకుని రాడ్కా చేతిలో పెట్టాడు. రోజూ ఉదయం తలుపుకి తాళం వేసేవాడిలా, చూడకుండానే చేశాడు.

"దాని మీట ఇక్కడ నేను దించేస్తే సరిపోతుందిగా?" అన్నాడు హెన్నింగ్.

"ఊరికో సౌండువాడు మారతాడు బాబూ. ఎవడో ఒకడు చెయ్యి జారి పైకి లేపుతాడు. బ్యాటరీ లేకపోతే ఎవడొచ్చినా ఏమీ లేపలేడు. పైగా సాయంత్రం కంపెనీ మనిషి నీ పక్కనే నిలబడతాడు, మీటలన్నీ పైకే ఉన్నట్టు కనబడాలి."

లూమెరాలో మిగిలిన మూడోవాడు ఓటిస్. ఒకప్పుడు హానావు పక్కన అమెరికా సైనిక శిబిరంలో లారీలు నడిపేవాడు. పాటల మధ్య గబగబా మాటలు చెప్పే భాగం అతనిది. ముగ్గురిలో తన గొంతుతో తనే కనబడింది అతనొక్కడే. ఇప్పుడు ఒక పెట్టె మీద కూర్చుని మోకాలికి ఐసుముక్కల సంచి కట్టుకుంటున్నాడు.

మొదటి రెండు పాటలూ నడిచాయి. శ్రుతి బాగా దించారు కాబట్టి మార్గిట్ గొంతు అందుకుంది. యాభై ఏడేళ్ళ గొంతు, కాస్త బరువెక్కింది, అయినా అదే గొంతు. మూడోది అందరూ ఎదురుచూసే పాట, "అటువైపు".

"సముద్రానికి అటువైపు నన్నొక్కసారి చేర్చు..." అని పల్లవి ఎత్తుకుంది. వెంటనే, "అలల మీద వెలుగు ఆరిపోకముందే చేర్చు" అనే రెండో సగం రావాలి. "అలల మీద" దగ్గర ఛాతీలో గాలి అయిపోయింది. టేపు ముందుకి వెళ్ళిపోయింది.

రెండోసారి మొదట్లోనే నిండుగా పీల్చుకుని మొదలుపెట్టింది. అక్కడే ఆగిపోయింది. మూడోసారి మాటల్ని కుదించి చూసింది. అదే చోట గొంతు తెగింది, దగ్గొచ్చింది. దగ్గుతూ ఉండగా గుడ్డకి అవతల్నుంచి ఏదో వినబడింది. సన్నటి గొంతు, నీటి కొళాయి మూసీ మూయనట్టు, పల్లవి చివరిదాకా సాగి ఆగిపోయింది. స్పీకర్లలో రాలేదు. హెన్నింగ్‌కి వినబడే అవకాశమే లేదు.

"గుర్రమైనా మధ్యలో ఓసారి ఆగి గాలి పీల్చుకుంటుంది తల్లీ" అన్నాడు ఓటిస్ పెట్టె మీంచి.

మార్గిట్ గుడ్డ పక్కనుంచి బయటికొచ్చింది. ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. "ఫోల్క్‌మార్, ఇది నేను ఒక్క గుక్కలో పాడలేదు. మొదటి సగం పాడాను. మీ ఆవిడ టీ తెచ్చింది. తాగి రెండో సగం పాడాను. మధ్యలో నా ఊపిరి ఉండాలి."

"ఉండేది. కోసేశాను." ఫోల్క్‌మార్ రెండువేళ్ళతో బ్లేడు పట్టుకున్నట్టు చూపించాడు. ఆ క్షణంలో మొహం కొంచెం వెలిగింది కూడా. "టేపు కోసి ఆ ముక్క తీసేసి రెండు కొసలూ అంటించాను. అందుకే ఆ పల్లవి అలా పరిగెత్తేది, డాన్సుహాళ్ళలో జనం పిచ్చెక్కిపోయేవాళ్ళు. ఊపిరి వినబడితే ఎవరో మనిషి పాడుతున్నట్టు ఉంటుంది."

"ముప్పై ఏళ్ళలో ఇది పాడటం కుదరదని ఎవరికీ తట్టలేదా?"

"ఎవరు పాడారు గనక తట్టడానికి?" అన్నాడు ఓటిస్. ఎవరూ నవ్వలేదు.

"అక్కడ టేపే వేద్దాం" అన్నాడు ఫోల్క్‌మార్. హెన్నింగ్ తలూపలేదు. "కంపెనీ మనిషి పక్కనుంటాడు. నేను వెయ్యను" అన్నాడు. చివరికి ఎంతవరకు వస్తే అంతవరకు పాడమని, మిగతాది జనం కేకల్లో కలిసిపోతుందని తీర్మానించి ఫోల్క్‌మార్ కాఫీకి వెళ్ళిపోయాడు. మార్గిట్ అక్కడే నిలబడి ఇంకొకటి తీర్మానించుకుంది. పేరు చెప్పరు కదా, సరే. ఎక్కడ కోశాడో సరిగ్గా అక్కడ తను ఆపేస్తుంది. ఆ తర్వాత గొంతెత్తదు. రెండువేల మంది ముందు రాడ్కా నోరు తెరుచుకుని నిలబడుతుంది, అప్పుడు అందరూ అడుగుతారు ఆ గొంతెవరిదని.

*

బట్టలు మార్చుకోవడానికి వాళ్ళకి ప్రాణరక్షణ కోట్లు దాచే గది ఇచ్చారు. నారింజరంగు కోట్లు పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. మార్గిట్ అక్కడ ఉల్లిగడ్డలు వేసిన హెర్రింగ్ చేప రొట్టెముక్క తింటుంటే రాడ్కా వచ్చింది. వెండిరంగు జాకెట్టు, మడమెత్తు చెప్పులు చేత్తో పట్టుకుంది. తలుపు వేసి, కోట్ల మీద కూర్చుని, పాదాలు పిసుక్కుంది. బొటనవేళ్ళు వంకరపోయి ఉన్నాయి.

"అక్కడ గాలి అందదని నాకు తెలుసు" అంది రాడ్కా. యాస దాచుకోలేదు. "మొదటి ఏడు నేనూ మీతో పాటే ఊపిరి బిగబట్టేదాన్ని. పెదవులొక్కటే కదిపితే జనం పట్టేస్తారు. మెడ నరాలు కదలాలి, పక్కటెముకలు కదలాలి. అందుకని నిజంగానే పాడేదాన్ని. డోర్ట్‌మండ్‌లో కళ్ళు తిరిగి పడ్డాను. తర్వాత అక్కడ ఒక తిరుగుడు పెట్టుకున్నాను, జుట్టు మొహం మీదికి వచ్చేలా. జుట్టు వెనక గాలి పీల్చుకునేదాన్ని."

మార్గిట్‌కి ఆ తిరుగుడు తెలుసు. పిల్లలు అద్దాల ముందు నేర్చుకునేవాళ్ళు.

"ఇప్పటికీ పాడుతున్నారన్నమాట. ఇందాక విన్నాను."

రాడ్కా మెడ ఎర్రబడింది. "ఒకసారి మైకులో కొంచెం వినబడిపోయింది. అప్పట్నుంచి ఫోల్క్‌మార్ బ్యాటరీలు తీసేస్తాడు. తేలిగ్గా ఉంటుంది మైకు. ఇరవై ఎనిమిదేళ్ళుగా తేలికదే పట్టుకుంటున్నాను."

"నా గొంతు మీద ముప్పై ఏళ్ళు బతికారు." మార్గిట్ ఈ మాట చాలాసార్లు మనసులో అనుకుంది. బయటికి వచ్చాక అనుకున్నంత గట్టిగా లేదు.

"బతికాను. మీరది ఒక్క మధ్యాహ్నంలో పాడేసి, టీ తాగి, ఇంటికెళ్ళారు. నేను మూడువేలసార్లు పాడాను. ఒక్కడూ వినలేదు."

"మిమ్మల్ని చూశారుగా!"

"చూశారు" అంది రాడ్కా. చెప్పులు తొడుక్కోవడం మొదలుపెట్టింది. ఒక పట్టీ బిగించి ఆగింది. "నాకో కల వస్తుంటుంది. పాట మధ్యలో టేపు ఆగిపోతుంది. నేను నోరు తెరుచుకుని ఉంటాను. వారానికోసారైనా వస్తుంది."

మార్గిట్ రొట్టె కాగితాన్ని చిన్నగా, ఇంకా చిన్నగా మడిచింది. ఈ మనిషి మీద జాలిపడడానికి తను రాలేదు. జాలిపడే ఓపికా లేదు. రాడ్కా తలుపు దగ్గరికెళ్ళి వెనక్కి తిరిగింది.

"మీ ఇంటిపేరేమిటి?"

"ముప్పై ఏళ్ళకి అడిగారు."

"అడగాలని లిఫ్టులోనే అనుకున్నాను. ఫోల్క్‌మార్ పక్కనున్నాడు."

"రీడెల్" అంది మార్గిట్. రాడ్కా ఆ పేరుని పెదవులతో ఒకసారి కదిపి చూసుకుని వెళ్ళిపోయింది.

*

ఆట నాలుగింటికి. పావుతక్కువకే డెక్కు నిండిపోయింది. జల్లు ఆగింది కానీ గాలి ఆగలేదు. స్టేజీ వెనక చిన్నబల్ల మీద మూడు మైకులూ పడుకోబెట్టి ఉన్నాయి. కంపెనీ మనిషికి చెయ్యి కలపడానికి ఫోల్క్‌మార్ అవతలికి వెళ్ళాడు. ఓటిస్ మోకాలి పట్టీ బిగించుకుంటున్నాడు. మార్గిట్ ఒక్కతే ఉంది.

ఉన్నికోటు జేబులో హెన్నింగ్ ఇచ్చిన బ్యాటరీలు ఆమె చేతికి వెచ్చగా తగిలాయి. ఆపడం ఒక్కటే చాలదనిపించింది. తను ఆపేశాక రాడ్కా నవ్వి, గుండె పట్టుకుని, మైకు పాడైందన్నట్టు తట్టి తప్పించుకోగలదు. అలా వద్దు. ఆ కొళాయి గొంతు రెండువేల మందికీ వినబడాలి. మీరు గోడల మీద అంటించుకున్న బొమ్మ ఎలా పాడుతుందో వినండి. కసి అంటే ఇదే, మార్గిట్‌కి తెలుసు. తెలిసే నీలంటేపు మైకు అందుకుంది. అడుగు తిప్పి రెండు బ్యాటరీలూ లోపలికి తోసి, మళ్ళీ తిప్పి, ఎలా ఉందో అలాగే పడుకోబెట్టింది. తన పచ్చటేపు మైకు తీసుకుంది. గుడ్డ వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

చీలికలోంచి చూసింది. రాడ్కా వచ్చింది. మామూలుగా మైకుని వేళ్ళ మీద ఒకసారి ఎగరేసి పట్టుకుంటుంది, అది ఆమె అలవాటు. ఎత్తింది, చెయ్యి ఆగిపోయింది. మణికట్టుని కొద్దిగా కిందికీ పైకీ ఆడించి బరువు చూసుకుంది. ఫోల్క్‌మార్ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. పిలిస్తే వస్తాడు. రాడ్కా అతన్ని పిలవలేదు. తల తిప్పి నల్లగుడ్డలోని చీలికకేసి సూటిగా చూసింది. తర్వాత మెట్లెక్కింది.

మొదటి రెండు పాటల్లోనూ రాడ్కా మైకుని జానెడు దూరంలో పట్టుకుని ఉత్తి పెదవులు కదిపింది. గుడ్డకి ఇవతలికి ఆ సన్నటి గొంతు రాలేదు. ఆమె మౌనంగా ఉండడం బహుశా ఇదే మొదటిసారి. మార్గిట్ తన పని తను చేసింది. ఓటిస్ తన మాటల్ని తరిమాడు, మోకాలు సహకరించనిచోట చేతులు ఊపాడు. జనం ఊగారు.

మూడోపాట మొదటి తీగ మోగగానే డెక్కంతా లేచింది. మార్గిట్ లేచి నిలబడింది.

"సముద్రానికి అటువైపు నన్నొక్కసారి చేర్చు..."

కోసినచోటు వచ్చింది. మార్గిట్ నోరు మూసుకుంది.

రాడ్కా అక్కడ తిరగాలి. తిరగలేదు. జుట్టు మొహం మీదికి రాలేదు. మైకుని దగ్గరికి తెచ్చుకుని, "అలల మీద వెలుగు ఆరిపోకముందే చేర్చు" అని పాడింది. సన్నగా, శ్రుతికి ఒక వెంట్రుక కిందగా, బ్ర్నో యాస అక్షరమక్షరంలో తగులుతూ ఆ గొంతు పెద్ద స్పీకర్లలోంచి సముద్రం మీదికి వెళ్ళింది. కానీ ఎక్కడ మొదలవ్వాలో అక్కడ మొదలైంది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. మూడువేలసార్లు పాడిన గొంతు కదా, అంగుళం జారలేదు.

మార్గిట్ ఆపేద్దామనుకున్న మనిషి. పల్లవి రెండోసారి వచ్చేసరికి ఛాతీ నిండా గాలి ఉంది. తను అనుకోకుండానే మొదటి సగం అందుకుంది. రెండో సగం రాడ్కా అందుకుంది. ఒకరు పాడుతుంటే ఒకరు ఊపిరి పీల్చుకున్నారు. ఫోల్క్‌మార్ బ్లేడుతో తయారుచేసిన పాటని మనుషులు పాడటం అదే మొదటిసారి. అది ఇద్దరి పని అని ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

జనంలో ఒక్కరూ గమనించలేదు. మూడో పల్లవికి వాళ్ళే వీళ్ళిద్దరికన్నా గట్టిగా పాడుతున్నారు. సగంమంది స్టేజీకి వీపు తిప్పి తమ ఫోనుల్లో తమనే చూసుకుంటున్నారు. ఇన్నేళ్ళు నలుగురూ గుండెల మీద బండలా మోసిన రహస్యం రెండువేల మంది ముందు విడిపోయింది, వాళ్ళు చప్పట్లు కొట్టారు. మార్గిట్‌కి సిగ్గేసింది. ఎదుటి మనిషికి చేద్దామనుకున్న అవమానం తిరిగి తన ఒళ్ళోనే పడింది.

పాట అయిపోయింది. రాడ్కా మైకు దించలేదు.

"ఒక్కమాట" అంది. ఆ యాసకి ముందువరసలో ఎవరో తలెత్తి చూశారు. ఫోల్క్‌మార్ హెన్నింగ్ దగ్గరికి పరిగెత్తి, మీట దించమని చేత్తో నరుకుతున్నట్టు చూపించాడు. హెన్నింగ్ పక్కనున్న కంపెనీ మనిషికేసి చూశాడు, తర్వాత తన చేతులకేసి చూసుకున్నాడు, కదల్లేదు.

"నా పేరు రాడ్కా. మాది బ్ర్నో. ఈ పాటలో ఇప్పుడు సగం నేను పాడాను. బాగా పాడలేదు, నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా మీరు విన్నది నన్ను కాదు. పాడింది మార్గిట్ రీడెల్. ఇప్పుడు కూడా ఈ గుడ్డ వెనకే ఉంది. మార్గిట్ రీడెల్" అని రెండోసారి, చదువుకున్న పాఠం అప్పజెప్పినట్టు, స్పష్టంగా చెప్పింది.

గుడ్డ వెనక మార్గిట్ కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళు వినాలనుకున్న పేరు వినబడింది. ముందుకి మాత్రం వెళ్ళకూడదన్న మెట్ల దగ్గరి అమ్మాయి మాట గుర్తొచ్చింది. టీ పోసుకుందామని ఫ్లాస్కు మూత తిప్పింది, అది తిరగలేదు. ఇంతలో ఓటిస్ గుడ్డ అంచు పట్టుకుని ఎత్తాడు.

"రా తల్లీ. ముందర చలి ఎక్కువ, అలవాటైపోతుందిలే."

ఉన్నికోటుతో, మెడలో అట్టముక్కతో మార్గిట్ వెలుతుర్లోకి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరొచ్చినా కొట్టేలాగే కొట్టారు. "ఇంకోసారి!" అని అరిచారు. రాడ్కా పక్కకి జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా, ఎదరకి చూస్తూ, మళ్ళీ మొదట్నుంచి పాడారు.

*

ఆదివారం ఉదయం కీల్ రేవు కనబడుతుండగా భోజనశాలలో రొట్టెలు, ఉడికించిన గుడ్ల కోసం వరస. విగ్గులు తీసేసిన మొహాలు, వాచిన కళ్ళు. వీళ్ళు నిజంగానే అక్కడికక్కడ పాడారని కంపెనీ మనిషి సంతోషించాడట, వచ్చే ఏడు కూడా రమ్మన్నాడట. ఆ మాట చెప్పింది ఓటిస్. ఫోల్క్‌మార్ రాత్రి నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు వరసలో వాళ్ళ వెనకే నిలబడి తన పళ్ళెంలోకి చూసుకుంటున్నాడు. కనుబొమలు తెల్లగా మెరుస్తున్నాయి.

మార్గిట్ ముందు రాడ్కా ఉంది. రాత్రి పడుకునే ముందు ఉర్జెల్ నుంచి ఫోనులో రెండే అక్షరాల కబురొచ్చింది, "విన్నా" అని, దాని కింద మరుగుదొడ్డి బొమ్మ. మార్గిట్ దాన్ని రాడ్కాకి చూపించాలా వద్దా అనుకుంటూ ఇంకా చూపించలేదు.

"దొరికారు!" అంటూ మొన్నటి ఆకుపచ్చ విగ్గావిడ వచ్చింది. విగ్గు లేకపోతే నెరిసిన జుట్టు. ఫోను ముందుకి చాపింది. మార్గిట్ అలవాటు కొద్దీ పళ్ళెం పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"మీరు కాదండీ. మీరు ఆవిడ పక్కన నిలబడండి" అని ఆవిడ ఫోనుని వెనకున్న ఫోల్క్‌మార్ చేతిలో పెట్టింది. "మీరు తీస్తారా బాబూ? అడ్డంగా కాదు, నిలువుగా."

ఫోల్క్‌మార్ తన పళ్ళెం బల్ల మీద పెట్టి ఫోను సరిగ్గా పట్టుకున్నాడు. తర్వాత ఎత్తాడు. ముగ్గురు ఆడవాళ్ళూ రొట్టెల బుట్ట పక్కన నిలబడ్డారు. మార్గిట్‌కి భుజాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కర్రలా బిగుసుకుపోయింది. రాడ్కా కెమెరాకేసి నవ్వుతూనే, పెదవులు ఎక్కువ కదపకుండా అంది.

"ఊపిరి తీసుకో. ఇక్కడ ఎవరూ కొయ్యలేదు."

మార్గిట్ ఊపిరి తీసుకుంది. ఫోల్క్‌మార్ నిలువుగా రెండు తీశాడు.